గుర్రపుడెక్కను దిను పురుగునకు చలి భయమా, కరవు భయమా?



మన అనంతపుర సీమలో చెరువు నిండుట యే కొన్నియేండ్లకో కలుగు భాగ్యము. అట్లు నిండిన చెరువున గుర్రపుడెక్క చేరినచో తూము పూడును. మడికి పారవలసిన నీరు ఆకులగుండ ఆవిరియై పోవును. కూలివాండ్రచే తీయించినను, మిగిలిన నాలుగు పిలకలే మరల చెరువును గప్పివేయును.

ఈ మొక్క దక్షిణ అమెరికానుండి వచ్చినది. దానిని దిని బ్రతుకు ముక్కుపురుగులు రెండు జాతులు అచ్చటనే కలవు. 1982-84 సంవత్సరముల నడుమ బెంగుళూరు శాస్త్రజ్ఞులు వానిని దెప్పించి, పైరులకు హాని చేయవని పరీక్షించి, అచ్చటి చెరువులలో విడిచిరి. పెద్దపురుగు ఆకును గీకి తినును. పిల్లపురుగు కాడను దొలుచుకొనుచు మొదలునకు జేరును. కొన్నియేండ్లలో మొక్క క్షీణించును.

పురుగునకు మనవలె ఒంటివేడి లేదు. చల్లబడినకొలది తిండి తగ్గును, గ్రుడ్లు పెట్టుట మానును. నీరు గడ్డకట్టు చలిలో చచ్చును. అమెరికాలో టెక్సాస్, లూసియానా రాష్ట్రముల సరిహద్దునగల కాడో సరస్సున, సాల్వీనియా యను మరియొక నీటికలుపుపై విడిచిన ముక్కుపురుగులు కఠినమైన శీతకాలములలో నశించెను. అందుచే అచ్చటివారు చలికోర్చు పురుగులకై అర్జెంటీనావరకు వెదకిరి.

మనకట్టి చింత లేదు. సుమారు 900 మీటర్ల యెత్తునగల బెంగుళూరులో నిలిచిన పురుగునకు, సుమారు 350 మీటర్ల యెత్తునగల అనంతపురపు చలి లెక్కగాదు. ఇచ్చట దాని శత్రువు కరవు. అది నీట మునిగిన వేళ్లను పట్టి గూడు కట్టుకొని రూపు మారును. చెరువెండినచో మొక్కతోపాటు పురుగును నశించును. గుర్రపుడెక్క విత్తనము మాత్రము బురదలో అనేక సంవత్సరములు బ్రతికియుండును. వాన వచ్చినపుడు కలుపు తనంతట మొలచును. పురుగు తనంతట రాదు.

కావున ఎండిన చెరువునకు నీరు వచ్చినంతనే అంచుల తడిబురదలోని మొలకలను పూతకు రాకముందే పెరికివేయవలెను. కలుపు మించినచో సంఘముద్వారా వ్యవసాయాధికారిని గాని, బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరోను గాని విచారించి పురుగులను మరల దెప్పింపవలెను. పురుగుల నెపమున ఆ మొక్కను శుభ్రమైన చెరువునకు ఎన్నడును గొనిపోరాదు. పురుగులు పనిచేయుచున్న చెరువున కలుపునంతటిని ఒక్కమారే తీసివేసినచో వానికి తిండి లేకపోవును. తూమునకు దూరముగా ఒక మూలను విడువవలెను.

విత్తనములకు వలెనే పురుగులకును ముందుగా ఏర్పాటు కావలెను. చెరువు నిండకముందే ఆయకట్టుదారులు సభ జేరి యీ సంగతి నిర్ణయించుకొనుట మేలు.