పన్నెండో ఆటగాళ్లు

1922 జనవరి 2. డాలస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మీద ఎవరికీ పెద్దగా ఆశల్లేవు. ఎదుట ఉన్నది కెంటకీ రాష్ట్రపు సెంటర్ కాలేజీ. రెండు నెలల కిందటే హార్వర్డ్‌ను మట్టికరిపించిన జట్టు అది. ఆట మొదలయ్యాక ఏ అండ్ ఎం కుర్రాళ్లు ఒకరి వెనుక ఒకరు గాయపడ్డారు. మిగిలిన కొద్దిమందిని చూసిన కోచ్ డానా బైబిల్‌కి కింగ్ గిల్ గుర్తొచ్చాడు. గిల్ బాస్కెట్‌బాల్ కోసం ఫుట్‌బాల్ జట్టును వదిలి వెళ్లిన విద్యార్థి. ఆ రోజు పైన విలేకరుల గదిలో కూర్చుని, మైదానంలో ఎవరెవరున్నారో ఒక విలేకరికి చెబుతున్నాడు. కబురందగానే దిగివచ్చి, స్టాండ్స్ కింద గాయపడిన ఆటగాడి దుస్తులు తొడుక్కుని మైదానం అంచున నిలబడ్డాడు. ఏ అండ్ ఎం 22-14తో గెలిచింది. గిల్‌ను ఆటలోకి దించాల్సిన అవసరమే రాలేదు.

ఒక్క నిమిషం కూడా ఆడని ఆ విద్యార్థికి ఇవాళ స్టేడియం దగ్గర విగ్రహం ఉంది. గోల్ కొట్టినవాళ్లకు విగ్రహాలు పెట్టని చోటు లేదు. పిలిస్తే రావడానికి సిద్ధపడ్డవాడిని ఇంత గౌరవించిన చోటు మాత్రం నాకు ఇదొక్కటే తెలుసు. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ జట్టుకు పదకొండు మందే. పన్నెండో ఆటగాడు తామేనంటారు ఇక్కడి విద్యార్థులు. అందుకే ఆట సాగినంతసేపూ కూర్చోరు.

వాళ్లు నిలబడే కైల్ ఫీల్డ్‌లో లక్షకు పైగా సీట్లున్నాయి. దాని పుట్టుక మాత్రం ఒక కంచెతో మొదలైంది. ఉద్యానశాస్త్రం బోధించే ఎడ్విన్ కైల్ 1904లో తన విభాగపు పొలంలో కొంత మేర కంచె వేయించి ఆటలకు ఇచ్చేశారు. వ్యవసాయ, సాంకేతిక కళాశాలగా 1876లో తరగతులు ప్రారంభించిన సంస్థకు అంతకంటే తగిన మైదానం ఉంటుందా! సొంతగడ్డపై ఆట ఉంటే ముందురోజు అర్ధరాత్రి విద్యార్థులు ఇక్కడ చేరి నినాదాలు సాధన చేస్తారు. నడిపించే యెల్ లీడర్లను విద్యార్థులే ఓటేసి ఎన్నుకుంటారు. రెవెలీ అనే కుక్క ఈ జట్ల చిహ్నం. 1931లో దొరికిన వీధికుక్కతో మొదలైన వరస ఇది. చనిపోయిన రెవెలీలను స్టేడియం ఉత్తర ద్వారం దగ్గర పాతిపెడతారు. విస్తరణ పనులతో అక్కణ్నుంచి స్కోరుబోర్డు కనిపించకుండా పోతే, వాటి కోసమే చిన్న బోర్డు పెట్టారు.

ఇన్ని ముచ్చట్ల మధ్య గుండె బరువెక్కించే అధ్యాయం ఒకటుంది.

టెక్సస్ విశ్వవిద్యాలయంతో ఏటా జరిగే ఆటకు ముందు ఏ అండ్ ఎం విద్యార్థులు పెద్ద మంట వేసేవారు. మొదట్లో అది మన భోగిమంటలాంటిదే. దొరికిన చెత్తాచెదారం పోగేసి అంటించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ దుంగలొచ్చాయి, అంతస్తులొచ్చాయి. 1969లో ఎత్తు 109 అడుగులకు చేరింది. చెట్లు నరకడం నుంచి దుంగలు పేర్చడం దాకా అంతా విద్యార్థుల చేతుల మీదే. నేర్పింది పై తరగతులవాళ్లే తప్ప ఇంజనీర్లు కాదు. 1963లో అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగినప్పుడు పేర్చినదంతా విప్పేశారు. అంటే ఆపాలనుకుంటే ఆపగలిగిందే.

1999 నవంబరు 18 తెల్లవారుజామున, రెండున్నర దాటాక, సుమారు 5,000 దుంగల ఆ కట్టడం కూలింది. పన్నెండు మంది చనిపోయారు, ఇరవై ఏడు మంది గాయపడ్డారు. శిథిలాల కింద ప్రాణాలుండవచ్చన్న ఆశతో చాలా దుంగలను చేతులతోనే తొలగించాల్సి వచ్చింది. ఫుట్‌బాల్ ఆటగాళ్లు వచ్చి భుజం పట్టారు. తమ కోసం నిలబడేవాళ్ల కోసం ఆ రోజు జట్టే పరుగెత్తుకొచ్చింది. ఎనిమిది రోజులకు కైల్ ఫీల్డ్‌లో ఆట జరిగింది. విరామంలో ప్రత్యర్థి బ్యాండు టోపీలు తీసి నివాళి అర్పించింది. ఏ అండ్ ఎం 20-16తో గెలిచింది.

విచారణ సంఘం ఏ ఒక్కరి మీదా నేరం మోపలేదు. లోపల పెరిగిన ఒత్తిడిని ఆపగల బలం కట్లకు లేదని, ఏళ్ల తరబడి ఎవరూ లోతుగా ప్రశ్నించలేదని తేల్చింది. నన్ను కలవరపెట్టేది ఆ రెండో మాటే. పెద్దలు చేశారు కాబట్టి మనమూ చేయాలన్న పట్టుదల, ఇది నిలబడుతుందా అని అడగాల్సిన నోళ్లను మూయించింది.

ఆ దుర్ఘటనతో ఆవరణలో మంట ఆగిపోయింది. 2002 నుంచి కొందరు విద్యార్థులు వేరే పద్ధతిలో, ఆవరణ బయట మంట వేస్తున్నారు. దానికి విశ్వవిద్యాలయంతో సంబంధం లేదు. 2011 తర్వాత ఆగిపోయిన టెక్సస్ పోరు 2024లో మళ్లీ మొదలవుతుందనగానే, మంటనూ ఆవరణలోకి తేవాలన్న ఒత్తిడి వచ్చింది. విశ్వవిద్యాలయ అప్పటి అధ్యక్షుడు మార్క్ వెల్ష్ కుదరదన్నారు. మంచి నిర్ణయం. ఆ నవంబరు 30న కైల్ ఫీల్డ్‌లో టెక్సస్ 17-7తో గెలిచింది. ఆవరణలో మంట లేనందుకు ఆ పోరుకు ఏ లోటూ రాలేదు.

పిల్లల దగ్గరికని హ్యూస్టన్, డాలస్ వెళ్లే తెలుగువాళ్లు ఎందరో. వీలు చేసుకుని ఏ అండ్ ఎం ఉన్న కాలేజ్ స్టేషన్ దాకా వెళ్లి, దుర్ఘటన జరిగిన చోట 2004లో ఆవిష్కరించిన స్మారకాన్ని చూడండి. అక్కడ పన్నెండు ద్వారాలున్నాయి. ఒక్కొక్కటీ చనిపోయినవారి సొంతూరి వైపు తిరిగి ఉంటుంది. పిల్లలనూ వెంట తీసుకెళ్లండి.