వీడియోలో అక్కరలేని భాగములను తీసివేయుట ఎట్లు?

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి సమీపమున తేలినీలాపురము అను గ్రామము కలదు. ఏటేటా గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును అచ్చటికి వచ్చి, చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుచుండును. ఒక ఉపాధ్యాయుడు విద్యార్థులతో అచ్చటికి వెళ్ళి, ఒక గూటికి ఎదురుగా సెల్‌ఫోనును నిలిపి రెండు గంటలసేపు వీడియో తీసినాడనుకొందము. గూడబాతు పిల్లలు పెద్ద పక్షి నోటిసంచిలో తల దూర్చి చేపలు తిను దృశ్యము అందులో రెండుమారులే కలదు. తక్కిన కాలమంతయు గాలికి ఊగు కొమ్మలే. నలువది నిమిషముల తరగతిలో రెండు గంటల వీడియో చూపుట సాధ్యము కాదు. అక్కరలేని భాగములను తీసివేయవలెను. అది ఎట్లు?

పూర్వము సినిమా ఫిల్మును కోయుట సులభము. ఫిల్ముపై ప్రతి బొమ్మయు విడిగా, సంపూర్ణముగా ఉండును. రెండు బొమ్మల నడుమ కత్తెర వేసి, కొసలను అతికించిన చాలును. కంప్యూటరు వీడియోలో సంగతి వేరు. ఇందులో అనేక చిత్రములు సంపూర్ణముగా ఉండవు.

దీనికి కారణము లెక్క వేసిన తెలియును. ఒక చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నచో మొత్తము 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 3 బైట్లు కావలెను. అనగా చిత్రమునకు 62,20,800 బైట్లు. సెకనుకు 25 చిత్రములైనచో 15,55,20,000 బైట్లు. గంట వీడియోకు దాదాపు 56,000 కోట్ల బైట్లు! చాల ఫోనులలో ఇంత భారము పట్టదు. కావున వీడియోను కుదించి దాచుదురు.

ఈ కుదింపు రెండు విధములుగా జరుగును. మొదటిది ఒకే చిత్రమున కంటికి అంతగా ఆనని సూక్ష్మభేదములను విడిచిపెట్టుట. దీనికి ఆధారమైన గణితమును నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు అను ముగ్గురు 1974లో ప్రకటించిరి. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అను ఆ పద్ధతియో, దానికి దగ్గరి పద్ధతులో నేటి వీడియోలలో దాదాపు అన్నిటిలో వాడుకలో ఉన్నవి. రెండవది, చిత్రమునకు చిత్రమునకు మధ్య వచ్చిన మార్పును మాత్రమే వ్రాసికొనుట. చెట్టు కదలలేదు, పక్షి మెడ మాత్రమే కదలినది. అప్పుడు మెడ సంగతి వ్రాసిన చాలును గదా!

దుకాణదారుని జమాఖర్చుల పుస్తకమును తలచుకొనుడు. నెల మొదట తొలి నిలువ వ్రాయును. తరువాత ఏనాటికానాడు వచ్చినదియు, పోయినదియు మాత్రమే వ్రాయును. పదునేనవ తేదీన పెట్టెలో ఎంత కలదో తెలియవలెనన్న, తొలి నిలువ నుండి కూడికలు, తీసివేతలు చేయుచు రావలెను. మొదటి పుటను చింపివేసినచో తక్కిన పుటలన్నియు ఉండియు ప్రయోజనము లేదు. వీడియోలో తొలి నిలువ వంటి సంపూర్ణ చిత్రమును కీఫ్రేమ్ అందురు. మనము మూలచిత్రము అందము. ఎక్స్264 అను ప్రసిద్ధమైన కుదింపు సాధనము, మనము వేరుగా చెప్పనిచో, 250 చిత్రములకు మించకుండ ఒక మూలచిత్రమును ఉంచును. సెకనుకు 25 చిత్రముల లెక్కన ఇది 10 సెకనులు.

ఇప్పుడు కోతకు వత్తము. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను ఉచిత సాధనము కలదు. దీనిని 2000 సంవత్సరములో ఫ్రాన్సు దేశీయుడైన ఫాబ్రిస్ బెల్లార్ ప్రారంభించెను. ఇందులో బొమ్మలు, మీటలు ఉండవు. ఆజ్ఞను ఒక వరుసగా టైపు చేయవలెను. పాఠశాలలోని పాత కంప్యూటరుపై కూడ ఇది పనిచేయును. మేత పెట్టు మొదటి దృశ్యము 12 నిమిషముల 34 సెకనుల వద్ద మొదలై 18 నిమిషముల 45 సెకనుల వద్ద ముగిసినదనుకొందము. అప్పుడు ఆజ్ఞ ఇది:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఎస్ఎస్ 00:12:34 -టిఓ 00:18:45 -ఐ గూడు.ఎంపి4 -సి కాపీ ఒకటి.ఎంపి4

ఇచ్చట తెలుగు లిపిలో చూపిన ఆజ్ఞాపదములను కంప్యూటరుపై ఇంగ్లీషు చిన్న అక్షరములతో టైపు చేయవలెను. మొదటి పదమున ఎఫ్, ఎఫ్, ఎం, పి, ఇ, జి అను ఆరు అక్షరములు కలవు. ఎస్ఎస్ అనగా మొదలు, టిఓ అనగా తుది, ఐ అనగా మూలవీడియో పేరు. 'సి కాపీ' అనగా లోపలి సమాచారమును తాకక, ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయుమని అర్థము. కాలములు రెంటిని ఐకి ముందే ఉంచవలెను. టిఓను ఐ తరువాత వ్రాసినచో లెక్క కోత మొదటినుండి సాగి, 18 నిమిషముల 45 సెకనుల పొడవు గల ముక్క వచ్చును.

ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయుట వలన పని త్వరగా ముగియును. చిత్రము నాణ్యత ఇసుమంతయు తగ్గదు. కాని కోత మూలచిత్రము వద్దనే మొదలు కావలెను. 12:30 వద్ద ఒకటి, 12:40 వద్ద ఒకటి మూలచిత్రములున్నచో, 12:34 అని మనము కోరినను కంప్యూటరు 12:30 నుండి ఎత్తుకొనును. తొలి నిలువ లేక లెక్క సాగదు గదా! ఆ నాలుగు సెకనులు కొన్ని ప్లేయర్లలో అదనముగా కనబడును.

కచ్చితముగా 12:34 వద్దనే కోయవలెనన్న, ఆజ్ఞలో 'సి కాపీ' అను మాటలు తీసి వాని స్థానమున '-సిఆర్ఎఫ్ 18' అని వ్రాయవలెను. అప్పుడు కంప్యూటరు ప్రతి చిత్రమును విప్పి, 12:34 వద్ద క్రొత్త మూలచిత్రమును కల్పించి, అంతయు మరల కుదించును. సిఆర్ఎఫ్ అంకె తగ్గినకొలది నాణ్యత పెరుగును, పరిమాణమును పెరుగును. కాని ఇట్లు కుదించిన ప్రతిసారియు కొంత సూక్ష్మవివరము పోవును. పోయినది తిరిగి రాదు. ఇట్లే కోసినదానిని మరల మరల కోయుచుండినచో ఈకల గీతలు మసకబారును. కావున ప్రతి కోతయు మూలవీడియో నుండియే తీయవలెను.

రెండవ దృశ్యము 1:05:00 నుండి 1:09:20 వరకు ఉన్నదనుకొందము. దానిని కూడ అట్లే కోసి రెండు.ఎంపి4 అని పేరిడుడు. ఒక చిన్న పాఠపు ఫైలులో ఒక్కొక్క పంక్తికి 'ఫైల్' అను ఇంగ్లీషు మాటయు, ఒక ముక్క పేరును వ్రాసి, దానికి వరుస.టిఎక్స్‌టి అను పేరిడుడు. తరువాత ఆజ్ఞ ఇది:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఎఫ్ కాన్‌క్యాట్ -ఐ వరుస.టిఎక్స్‌టి -సి కాపీ పాఠము.ఎంపి4

రెండు ముక్కలు అతుకుకొని సుమారు పదిన్నర నిమిషముల వీడియో సిద్ధమగును. ముక్కలు రెండును ఒకే విధమున కుదించినవై యుండవలెను.

శబ్దము విషయమున కూడ జాగ్రత్త కావలెను. విజయనగరమున విజయదశమి తరువాతి మంగళవారమునాడు జరుగు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమును చిత్రించి కోయుచున్నామనుకొందము. డప్పుల మధ్యలో కోసినచో కన్ను పట్టకున్నను, చెవి వెంటనే పట్టును; దరువు తప్పును. దరువు ముగిసిన చోట కోయవలెను. సిరిమాను గుడికిని కోటకును మధ్య మూడు పర్యాయములు తిరుగును. ఒక పర్యాయమును కోసివేసి ఆ సంగతి చెప్పనిచో, చూచువారు రెండే అనుకొందురు.

ఈ మాట మనలను మరల గూటివద్దకు తెచ్చుచున్నది. మొదటి మేత 18:45కు ముగిసినది. రెండవది 1:05:00కు మొదలైనది. నడుమ 46 నిమిషముల 15 సెకనులు గడచినవి. అతికిన వీడియోను చూచిన విద్యార్థి, ఒక మేత కాగానే మరియొక మేత వచ్చెనని వ్రాసికొనును. అది అబద్ధము. ఆ అబద్ధమును చెప్పినది పక్షి కాదు, మన కత్తెర! "పిల్లలు ఎట్లు తినును?" అన్నది ప్రశ్న అయినచో నడిమి భాగము అక్కరలేనిదే. "ఎంతసేపటికి ఒకమారు తినును?" అన్నది ప్రశ్న అయినచో ఊగు కొమ్మలే అసలైన సమాచారము. అక్కరలేనిది ఏదన్నది ప్రశ్ననుబట్టి మారును.

కావున మూడు నియమములు పాటించుడు. మూలవీడియోను ఎన్నడును చెరపకుడు. వేరొకచోట మరియొక ప్రతిని కూడ ఉంచుడు. అతుకు వద్ద ఎంత కాలము తీసివేసితిమో వీడియోలోనో, నోటితోనో చెప్పుడు. టైపు చేసిన ఆజ్ఞలను ప్రయోగపు పుస్తకములో వ్రాసి ఉంచుడు. ఆజ్ఞలతో కోయుటలో గల గొప్ప మేలు ఇదియే: ఏ సెకను నుండి ఏ సెకను వరకు ఉంచితిమో ఆ వరుసయే సాక్ష్యము చెప్పును. ఎవరైనను దానిని మరల టైపు చేసి, మన పనిని సరిచూడవచ్చును.

విద్యార్థులు ఒక ప్రయోగము చేయవచ్చును. సెకనుల ముల్లు గల గోడగడియారమును రెండు నిమిషములు చిత్రించి, 34వ సెకను నుండి ఒకమారు 'సి కాపీ'తోను, ఒకమారు అది లేకయు కోయుడు. ప్రతి ముక్కలోను ముల్లు మొదట ఎక్కడ కనబడినదో చూచి వ్రాసికొనుడు. రెంటికి భేదము కనబడినచో, మీ ఫోను మూలచిత్రములను ఎక్కడెక్కడ ఉంచుచున్నదో కనుగొనుటకు అదియే తొలిమెట్టు.