లాస్ ట్రాంపాస్ కాలువ

అమెరికా నైరుతి రాష్ట్రాలకు స్పెయిన్ ఏం వదిలివెళ్లిందని అడిగితే చాలామంది చర్చీలనే చూపిస్తారు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో మిషన్లకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. శాంటా ఫే నగరంలో మట్టిగోడల కట్టడాలను చూడటానికే పర్యాటకులు వస్తారు. అవన్నీ చూడదగ్గవే. అయితే ఉత్తర న్యూమెక్సికో కొండ లోయల్లో ఈనాటికీ పనిచేస్తున్న వారసత్వం ఇంకొకటుంది. అది పంట కాలువ. అక్కడివాళ్లు దాన్ని అసేకియా అంటారు. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఇలాంటివి దాదాపు 700 ఉన్నాయి. స్పానిష్ సరిహద్దు వలసల నుంచి మిగిలినవాటిలో అన్నిటికన్నా విలువైనది ఈ కాలువ, దాన్ని నడిపే కట్టుబాటు అని నా అభిప్రాయం. అది బతికింది రాజ్యం అండతో కాదు. రాజ్యం అందుబాటులో లేకపోబట్టే గట్టిపడింది.

1598లో స్పెయిన్ తరఫున హువాన్ దె ఒన్యాతె కొన్ని వందలమందిని, వేల పశువులను వెంటబెట్టుకుని రియో గ్రాండె లోయకు వచ్చాడు. ఆశించిన బంగారం, వెండి దొరకలేదు. దొరికినవల్లా వానలు తక్కువైన నేల, చలికాలంలో కొండల మీద పేరుకునే మంచు, ఎండలు ముదిరేకొద్దీ అది కరిగి పారే చిన్న చిన్న ఏర్లు. మెక్సికో నగరం నుంచి అక్కడికి రాజమార్గం సుమారు 2,500 కిలోమీటర్లు, సరుకుల బళ్లు చేరాలంటే నెలలు పట్టేది. కొత్త ఊళ్లలో చౌకు ఎక్కడుండాలో, వీధులు ఎలా సాగాలో 1573లోనే రాజు రెండో ఫిలిప్ శాసనాలు చేశాడు గానీ, ఇంత దూరాన వాటిని అమలుచేసే నాథుడు లేడు. లాస్ ట్రాంపాస్ అనే ఊరి సంగతే చూడండి. 1751లో గవర్నర్ టోమాస్ వేలెజ్ కచుపిన్ శాంటా ఫేకు చెందిన 12 కుటుంబాలకు ఒక ఎత్తయిన కొండ లోయలో భూమి మంజూరు చేశాడు. ఆ కుటుంబాల్లో మిశ్రమ సంతతివాళ్లే ఎక్కువ. నగరంలో వాళ్లకు చాలినంత భూమి లేదు. కోమాంచీ తెగవాళ్ల దాడులు శాంటా ఫే దాకా రాకుండా కొండల్లో ఒక అడ్డు కావాలన్నది గవర్నర్ లెక్క. అంటే ప్రభుత్వం వాళ్ల చేతికి పత్రం ఇచ్చి, వాళ్ల ప్రాణాలను కంచెగా వాడుకుంది. సాగు, నీరు, రక్షణ వాళ్లే చూసుకోవాలి. చర్చి కట్టుకోవడానికి బిషప్ అనుమతి వచ్చింది 1760లో. కాలువ లేకుండా అన్నేళ్లు అక్కడ బతికి బట్టకట్టడం కుదిరే పని కాదు.

కాలువ నిర్మాణం చూడటానికి సాదాగా ఉంటుంది. ఏటికి ఎగువన రాళ్లు, కొమ్మలతో అడ్డుకట్ట వేస్తారు. అక్కణ్నుంచి తల్లికాలువ కొండ వాలు వెంబడి, ఏటి కన్నా నెమ్మదిగా దిగుతూ సాగుతుంది. కాలువకు పైన ఎండు పొదలు, కింద పచ్చటి చేలు. పొలాలను కాలువ నుంచి ఏటి దాకా పొడవాటి పట్టీలుగా కోశారు కాబట్టి ప్రతి కుటుంబానికీ కాలువ మీద ఒక తూము ఉంటుంది. లాస్ ట్రాంపాస్‌లో వాగు అడ్డొచ్చినచోట దుంగలను తొలిచి, తొట్టిలా చేసి, ఒకదాని చివర ఒకటి పెట్టి నీటిని అవతలికి దాటించారు. ఈ కాలువలకు రైతులే ఒక పెద్దను ఎన్నుకుంటారు. ఆయన్ని మాయోర్దోమో అంటారు. మన చెరువుల కింద నీరటికాడు చేసిన పనే ఆయనదీ: ఎవరి తూము ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు పారాలి అన్నది తేల్చడం. వసంతంలో నీళ్లు వదలకముందు పూడికతీత ఉంటుంది. వాటా ఉన్న ప్రతివాడూ తన భూమికి తగ్గట్టు మనుషులకు పారలిచ్చి పంపాలి, లేదా బదులుగా డబ్బు కట్టాలి. మాయోర్దోమో కాలువను కొలిచి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క పంచుతాడు. ఆ ముక్కలో మట్టి ఎత్తి, చొచ్చుకొచ్చిన వేళ్లు నరికి, గట్లు సవరిస్తారు. వరుసలో ఉన్నవాళ్ల పని పూర్తయ్యాక మాయోర్దోమో కేక వేస్తాడు, అందరూ ముందుకు కదిలి కొత్త ముక్కలు అందుకుంటారు. నీళ్లు చాలని ఏడు నీటిని వంతులవారీగా పంచుతారు. ఇంటి పెరటి తోటలకు, పశువులకు ముందు, గడ్డి చేలకు చివర అన్నది చాలాచోట్ల పాటించే పద్ధతి.

ఈ కట్టుబాటు ఎంత బలమైనదో 1848 తర్వాత తెలిసొచ్చింది. ఆ ఏడు మెక్సికో యుద్ధంలో ఓడి, గ్వాడలూప్ హిదాల్గో ఒప్పందంతో ఈ ప్రాంతాన్ని అమెరికాకు వదులుకుంది. అక్కడివాళ్ల ఆస్తి హక్కులను గౌరవిస్తామని ఒప్పందంలో రాశారు. జరిగింది వేరు. ప్రతి ఊరికీ పొలాలతోపాటు మేతకు, కట్టెలకు ఉమ్మడి భూమి ఉండేది. అమెరికన్ చట్టానికి అలాంటి ఉమ్మడి హక్కు కొరుకుడుపడలేదు. శాన్ మిగెల్ దెల్ బాదో ఊరివాళ్లు సుమారు 3,15,000 ఎకరాలు తమవన్నారు. 1897లో సుప్రీంకోర్టు ఉమ్మడి భూమి రాజుదే తప్ప ఊరిది కాదని తీర్పు చెప్పాక వాళ్లకు మిగిలింది సుమారు 5,000 ఎకరాలు. లాస్ ట్రాంపాస్‌కు 1860లో అమెరికన్ కాంగ్రెస్ భూమిని ఖాయం చేసింది కూడా. అయినా తర్వాత ఉమ్మడి భూమి పంపకం దావాలో పడి, వేలానికి వచ్చి, చేతులు మారి, చివరకు కార్సన్ జాతీయ అరణ్యంలో కలిసిపోయింది. భూమి పోయింది గానీ కాలువ పోలేదు. 1851, 1852లలో కొత్త ప్రాదేశిక శాసనసభ కాలువల ఆచారాలను చట్టాలుగా రాసిపెట్టడం అందుకు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం నాకు వేరే కనిపిస్తుంది. ఉమ్మడి భూమి మీద హక్కు దస్తావేజులో ఉంది, దస్తావేజు వకీలు చేతిలో ఉంది. కాలువ మీద హక్కు ఏటా పారతో నిరూపించుకునేది. ఆ పని చేసే ఊరిని పక్కనబెట్టి కాలువను ఒక్కటే లాక్కుపోవడం ఎవరి తరమూ కాలేదు.

ఇది పాతబడిన సేద్యమని, మట్టి కాలువలో సగం నీళ్లు ఇంకి వృథా అవుతాయని, అవే నీళ్లు నగరానికో పర్యాటకానికో ఇస్తే ఎన్నో రెట్లు రాబడి వస్తుందని వాదించేవాళ్లున్నారు. తేలిగ్గా కొట్టిపారేయదగ్గ వాదన కాదు, ఎందుకంటే కరువు ప్రాంతంలో ప్రతి చుక్కకూ లెక్క చెప్పాల్సిందే. అయితే లెక్క పూర్తిగా చూడాలి. అల్కాల్దె అనే ఊరి దగ్గర న్యూమెక్సికో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కొలిచి చూశారు. కాలువలో ఇంకిన నీరు భూగర్భ జలాన్ని పెంచి, కొంతకాలానికి మళ్లీ నదిలోకే చేరుతోంది. వేసవి మొదట్లో ఉరకలేసే మంచునీటిని నేల పట్టి ఉంచి, తర్వాత నెమ్మదిగా వదులుతోందన్నమాట. ఇక రాబడి విషయం. న్యూమెక్సికో 1907 చట్టం నీటి హక్కును భూమి నుంచి విడదీసి అమ్ముకునే వీలు కల్పించింది. ఒక్కొక్కరు అమ్మేసుకుంటే మిగిలినవాళ్ల మీద పూడికతీత భారం పెరుగుతుంది, కాలువలో నీటి మట్టం తగ్గి చివరి తూముకు అందదు. అమ్మినవాడికి వచ్చిన డబ్బు కనిపిస్తుంది, ఊరికి వచ్చిన నష్టం ఏ బేరంలోనూ లెక్కకు రాదు. 1985లో ఒక రిసార్టు కోసం నీటి హక్కు బదిలీ చేయబోతే జిల్లా జడ్జి ఆర్ట్ ఎన్సీనియాస్ స్థానిక సంస్కృతికి కలిగే హానిని కారణంగా చూపి ఒప్పుకోలేదు. పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరకు 2003లో రాష్ట్రం చట్టం చేసి, కాలువకు చేటు చేసే బదిలీలను కాదనే అధికారం రైతు సంఘాలకే ఇచ్చింది. ఎన్సీనియాస్ మాటే సరైనదని నేను నమ్ముతాను.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ మరొకటి: ఇదంతా ఆక్రమించుకున్న నేల మీద కట్టిన సౌభాగ్యం కాదా? ఔను. ఒన్యాతె వచ్చిన కొత్తల్లో కాలువ తవ్వినవాళ్లు స్థానిక పుయెబ్లో జనమే. 1599లో అకోమా ఊరి మీద అతని సేన పడి వందలమందిని చంపింది. బందీలైన మగవాళ్లలో 25 ఏళ్లు దాటినవాళ్లకు పాదం నరకాలని శిక్ష వేశారు. 1680 ఆగస్టులో పోపే అనేవాడి నాయకత్వంలో పుయెబ్లోలు తిరగబడి, సుమారు 400 మందిని చంపి, మిగిలిన సుమారు 2,000 మందిని ఎల్ పాసో దాకా తరిమారు. 12 ఏళ్ల పాటు అక్కడ స్పెయిన్ పాలన లేదు. ఈ చరిత్రను పక్కనపెట్టి అసేకియాను పొగిడేవాళ్ల మాట వినక్కర్లేదు. అలాగని కాలువను గెలిచినవాడి ఆస్తిగా చూడటమూ పొరపాటే. సేద్యపు పద్ధతి స్పెయిన్‌లో అరబ్బుల కాలం నుంచి పాతుకున్నది. దాని కింద పండిన మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పుయెబ్లోలవి. స్పానిష్‌వాళ్లు రాకముందే వాళ్లు నీళ్లు మళ్లించి పంట తీస్తున్నారు. బందీలుగా అమ్ముడుపోయి, స్పానిష్ ఇళ్లలో పనిచేసి విడుదలైన వివిధ తెగలవాళ్లను హెనీసారోలు అంటారు. అబిక్యూ ఊరిని 1754లో వాళ్లకే ఇచ్చారు, వాళ్లూ కాలువ కిందే సేద్యం చేశారు.

పాత అన్యాయం నీటి హక్కుల వరుసలో ఈనాటికీ కనిపిస్తుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల నీటి చట్టం ముందు వాడుకున్నవాడికి ముందు హక్కు ఇస్తుంది, అలా చూస్తే పుయెబ్లోల హక్కు అందరికన్నా పాతది. పొహ్వాకే లోయలో ఈ తగాదా మీద 1966లో వేసిన దావా ముగియడానికి 2017 దాకా పట్టింది. తావోస్ లోయ వేరే దారి పట్టింది. తావోస్ పుయెబ్లోకు చట్టప్రకారం ఎవరికన్నా ముందు తీసుకునే హక్కుంది. దాన్ని ఒక్కసారిగా పూర్తిగా వాడుకుంటే దిగువనున్న అసేకియాల్లో చాలావరకు ఎండిపోతాయి. ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి. పుయెబ్లో హక్కును అందరూ ఒప్పుకున్నారు, దాన్ని పుయెబ్లో దశలవారీగా వాడుకోవడానికి సమ్మతించింది, ఏటి నీటిని పంచుకునే పాత ఆచారాలు కొనసాగాలని రాసుకున్నారు. 2010లో అమెరికన్ కాంగ్రెస్ ఆ ఒప్పందాన్ని ఆమోదించింది.