తూటా గొట్టంతో పెన్ను స్టాండు - ఆ ఇత్తడి ఎక్కడిది?



క్రాఫ్టు ప్రదర్శనకు పనికిరాని సామానుతో ఏదైనా వస్తువు చేసి తెమ్మన్నారు కదా. పేలిపోయిన తూటా గొట్టాలు దొరికితే పెన్ను స్టాండు, తాళాల గుత్తి చేయొచ్చని మన డార్మిటరీలో కొందరు అనుకుంటున్నారు. ఆలోచన చెడ్డదేం కాదు, కొత్తది అంతకన్నా కాదు. లోకంలో చాలాచోట్ల ఈ పని మీద బతికేవాళ్ళున్నారు. అయితే వాళ్ళకి ఆ గొట్టాలు ఎట్లా దొరికాయన్నది తెలుసుకోవాలి. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ముందు తూటా గురించి. దీంట్లో నాలుగు భాగాలుంటాయి. ముందు గుండు, వెనక ఇత్తడి గొట్టం, గొట్టం లోపల మందు, అడుగున చిన్న క్యాపు. తుపాకీ సూది క్యాపుని పొడిస్తే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. గుండు ముందుకి పోతుంది, గొట్టం పక్కన పడుతుంది. సైన్యంలో దీన్ని ఖోఖా అంటారు. ఈ ఇత్తడిలో నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు ఉంటుంది. పేలినప్పుడు గొట్టం ఉబ్బి తుపాకీ గోడలకి అతుక్కుని వేడి గాలిని వెనక్కి రానివ్వదు. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని తేలిగ్గా ఊడి వస్తుంది. ఇనుములాగా తుప్పు పట్టదు, కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది. అందుకే చేతిపని వాళ్ళకి అది అంత ఇష్టం.

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-1918) ఫ్రాన్సు, బెల్జియం కందకాల దగ్గర ఫిరంగుల ఖాళీ గొట్టాలు గుట్టలుగా పడి ఉండేవి. ఫ్రెంచి వాళ్ళ 75 మిల్లీమీటర్ల ఫిరంగి గొట్టం అయితే అచ్చం పూలకుండీ లాగే ఉంటుంది. సైనికులు, యుద్ధ ఖైదీలు, ఆ ఊళ్ళ జనం వాటి మీద ఆకులు, పూలు, ఊరి పేర్లు చెక్కేవాళ్ళు. గొట్టం నొక్కుకుపోకుండా లోపల తారు లాంటిది నింపి పైన సుత్తితో కొట్టేవారు. మన జనగామ దగ్గర పెంబర్తి వాళ్ళు ఇత్తడి రేకు మీద నగిషీ చేసే పనికి ఇది చుట్టమే. చిత్రమేమిటంటే ఆ గొట్టాలు ప్రభుత్వ ఆస్తి. మళ్ళీ మందు నింపడానికి వెనక్కి పంపాలని రూలు. అయినా ఎన్నో కుండీలై ఇళ్ళకి చేరాయి. యుద్ధం అయ్యాక చూడటానికి వచ్చిన వాళ్ళకి అమ్మారు కూడా.

బోస్నియాలో సరయెవో అనే పట్టణం ఉంది. అక్కడ పాత బజారులో కంచరి వాళ్ళ వీధి ఉంది. తాతల నాటి నుంచి కాఫీ చెంబులు, పళ్ళాలు చేసేవాళ్ళు. 1992 నుంచి 1996 దాకా ఆ పట్టణాన్ని ముట్టడించి ఫిరంగులతో కొట్టారు. తర్వాత ఆ కంచరులే రైఫిల్ గొట్టాలతో పెన్నులు, ఫిరంగి గొట్టాలతో కుండీలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. తమని చంపడానికి వచ్చిన ఇత్తడితోనే అన్నం తిన్నారన్న మాట.

ఇప్పుడు లావోస్ సంగతి చెబుతాను, ఇది జాగ్రత్తగా చదవండి. అక్కడి కొండల్లో కూడా మనలాంటి గిరిజనులే ఎక్కువ. 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకి పైగా బాంబులు వేశాయి. అందులో బంతి అంత చిన్న బాంబులే 27 కోట్లు, వాటిలో దాదాపు 8 కోట్లు పేలకుండా నేలలో ఉండిపోయాయని అంచనా. షియెంగ్ ఖువాంగ్ అనే చోట నా పియా గ్రామస్థులు విమానాల, బాంబుల అల్యూమినియం ముక్కలు కరిగించి అచ్చుల్లో పోసి చెంచాలు, గాజులు చేస్తారు. చూడటానికి చాలా బాగుంటాయి. కానీ యుద్ధం ఆగిన తర్వాతే ఆ దేశంలో 20 వేల మందికి పైగా పేలని బాంబుల వల్ల చనిపోయారు లేదా గాయపడ్డారు. పాత ఇనుము ఏరుకునే వాళ్ళూ, బంతి అనుకుని ఆడుకోబోయిన పిల్లలూ వాళ్ళలో ఎందరో. బెల్జియంలో 2014 మార్చిలో ఈప్ర్ పట్టణం దగ్గర పని చేస్తున్న ఇద్దరు కూలీలు మొదటి ప్రపంచ యుద్ధం నాటి గుండు పేలి చనిపోయారు. దాదాపు నూరేళ్ళ తర్వాత!

కాబట్టి వస్తువు ఎంత పాతది, ఎంత మట్టి పట్టింది అన్నది లెక్కలోకి రాదు. క్యాపు మీద సొట్ట ఉంటే పేలిపోయినట్టే అని ఒకరన్నారు. అది తప్పు. సూది తగిలినా మందు అంటుకోని తూటాలుంటాయి. సొట్ట ఉంటుంది, లోపల మందూ ఉంటుంది. ఖాళీ గొట్టంలో కూడా క్యాపు మందు తాలూకు సీసం అంటి ఉంటుంది, ఆ చేత్తో అన్నం తినకూడదు.

మన దేశంలో ఫైరింగు అయ్యాక ఖోఖాలన్నీ ఏరి లెక్కపెట్టి అప్పజెబుతారు. ఎన్.సి.సి. కేడెట్లని అడగండి, చెబుతారు. తుక్కుగా అమ్మాలంటే లోపల పేలుడు పదార్థం లేదని పరీక్షించి ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా దగ్గరుంచుకోవడం నేరం. ఖాళీ గొట్టం సంచిలో ఉందని విమానాశ్రయంలో పట్టుకుని కేసు పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. కాల్పులు జరిగిన చోట పడిన గొట్టమైతే అది సాక్ష్యం, తీసినవాడు చిక్కుల్లో పడతాడు.

అడవిలో, చేలో, వాగు ఒడ్డున అట్లాంటిది కనబడితే ముట్టుకోవద్దు. రాయితో కొట్టొద్దు, పొయ్యిలో వేయొద్దు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి పెద్దవాళ్ళకి చెప్పండి. పందుల కోసం పెట్టే నాటుబాంబు అయినా ఇంతే.

వార్డెన్ సార్లకి ఒక మనవి. మాలో ఎవరైనా అట్లాంటి వస్తువు గురించి వచ్చి చెబితే కొట్టకండి. దెబ్బలకి భయపడితే రేకుపెట్టెలో బట్టల కింద దాచుకుంటారు. ఆ పెట్టె పక్కనే నలభై మందిమి పడుకుంటాం.

ఇత్తడే కావాలంటే పాత సామాన్ల కొట్లో విరిగిన కుళాయిలు, పగిలిన గంటలు దొరుకుతాయి. ఆదిలాబాద్ జిల్లా డోక్రా పనివాళ్ళు కూడా పాత ఇత్తడే కరిగించి బొమ్మలు పోస్తారు, ఆ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకి కరిగించే పని వద్దు. ఎండిన వెదురు బొంగు కణుపు కింద కోసి, మూతికి పాత కుళాయి ఇత్తడి చుట్టు బిగించండి. దూరం నుంచి ఫిరంగి గొట్టం లాగే కనబడుతుంది. ఆకురాయి, గరుకు కాగితం క్రాఫ్టు గదిలో ఉన్నాయి.