గడ్డ తీశాక అసలు లెక్క

పిల్లల ఒంటి మీద గడ్డ కనబడితే హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా అడిగేది ‘నొప్పిగా ఉందా నాయనా?’ అనే. లేదంటే గండం గడిచిందనుకుంటారు. నిజమే, పిల్లల్లో చాలా గడ్డలు ఏ హానీ చేయవు. కానీ కండలో లోతుగా పాతుకుని, నొప్పి లేకుండా పెరుగుతూ పోయేదాన్ని అనుమానించాల్సిందే. ముక్క పరీక్ష లేకుండా దాన్ని కోయించొద్దు.

ఎందుకంటే జబ్బును బట్టి వైద్యమే మారిపోతుంది. డెస్మాయిడ్ గడ్డ ఊపిరితిత్తులకో కాలేయానికో పాకదు, కానీ కోసినచోటే మళ్లీ మొలుస్తుంది. అందుకే ఇప్పుడు డాక్టర్లు కత్తి పట్టడానికి తొందరపడరు. స్కాన్లతో కొన్నాళ్లు కనిపెట్టి చూస్తారు. కొన్ని వాటంతటవే ఆగిపోతాయి, కుంచించుకుపోతాయి కూడా. పెరుగుతూనే ఉంటే తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్, విన్‌బ్లాస్టిన్ ఇస్తారు. మొదటిది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల ఫలం. రెండోది మన పెరట్లో పూసే బిళ్ల గన్నేరు నుంచి తీసింది. ఆ ఆకులు నమిలిస్తే తగ్గుతుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు, అది విషం.

రాబ్డోమయోసార్కోమా సంగతి వేరు. కండ, కొవ్వు వంటి మెత్తటి కణజాలంలో పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనబడేది ఇదే. కీమో, ఆపరేషన్, జనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ కలిసి నెలల తరబడి సాగుతాయి. గడ్డ మాయమయ్యాక కూడా స్కానుకు అందని కణాలు మిగలొచ్చు. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి. 2019లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన ఐరోపా అధ్యయనం ఇక్కడే ఆశ కలిగించింది. ముప్పు ఎక్కువున్న పిల్లలకు వైద్యం ముగిశాక మరో ఆరు నెలలు వినోరెల్బిన్ ఇంజెక్షన్లు, సైక్లోఫాస్ఫమైడ్ మాత్రలు తక్కువ మోతాదులో కొనసాగించారు. అక్కడితో ఆపేసిన పిల్లల్లో అయిదేళ్ల మనుగడ 73.7 శాతం, కొనసాగించినవారిలో 86.5 శాతం.

ఆపరేషన్ ఇప్పటికే అయిపోయి ఉంటే, తీసిన ముక్క ఏ ల్యాబుకు పంపారో అడగండి. అక్కడ దాన్ని మైనంలో పొదిగి, అరచేతిలో ఇమిడే చిన్న బ్లాకుగా దాస్తారు. పెద్దాసుపత్రికి వెళ్తే ఆ బ్లాకు, స్లైడ్లు అడుగుతారు. రిపోర్టులో అంచుల గురించి ఏం రాశారో చదివించుకోండి. అంచు దాకా కణాలున్నాయంటే లోపల ఇంకా మిగిలి ఉండొచ్చు. మళ్లీ ఆపరేషనా, రేడియేషనా అన్నది తేల్చాలి.

వైద్యం ముగిశాక పిల్లవాడు గంతులేస్తుంటే మళ్లీ స్కాను దేనికనిపిస్తుంది. ధర్మవరంలో మగ్గం ఆపి బయల్దేరితే ఆ రోజు కూలి పోయినట్టే. అయినా జబ్బు ఎక్కువగా తిరగబెట్టే ఆ మొదటి మూడేళ్లలో డాక్టరు రాసిచ్చిన ఒక్క తేదీ కూడా తప్పొద్దు. చిన్నగా ఉండగా దొరికినదానికి చేయగలిగేది ఎక్కువ.

హిందూపురం నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లే. 1973 నాటి కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నదక్కడే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలుత మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి అనంతపురం ఒకటి. 2019 నవంబరు నుంచి ఆ పథకం బెంగళూరులోని కొన్ని ఆసుపత్రులకూ వర్తించింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. మీరు వెళ్లబోయే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో రైలెక్కకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.