గోపురానికి పరంజా, మేడకి తాడు

అమ్మడూ, మంచి ప్రశ్నే వేశావు. హైటెక్ సిటీలో అంతెత్తు అద్దాల మేడని ఇద్దరు మనుషులు తాళ్ళకి వేలాడుతూ తుడిచేస్తారు కదా, మన అంతర్వేది నరసింహస్వామి గుడి ఐదంతస్తుల గోపురానికి రంగులు వెయ్యాలంటే ఇన్ని కర్రలూ పైపులూ ఎందుకని నీ సందేహం. కర్రలది పాతకాలం, తాడుది కొత్తకాలం అని నీకెవరో చెప్పి ఉంటారు. అసలు సంగతి అది కాదమ్మా. కట్టడం ఆకారం ఏమిటి, దాని మీద చెయ్యబోయే పని ఏమిటి అన్న రెండూ చూసి ఎంచుకోవాలి.

ముందు గోపురాన్ని తేరిపార చూడు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. శిఖరం దగ్గర తాడు కట్టి వదిలితే అది గాల్లో వేలాడదు. ఒక్కో అంతస్తు అంచునీ, అక్కడున్న సున్నపు బొమ్మల్నీ ఒరుసుకుంటూ దిగుతుంది. మనిషి బరువుతో అది అటూ ఇటూ కదిలిందంటే ద్వారపాలకుడి వేళ్ళు విరుగుతాయి. లేదా ఆ అంచుకే తాడు కోసుకుపోతుంది. పైగా అక్కడ చేసేది తుడుపు పని కాదు. శిల్పి రెండు చేతులా సున్నం మెత్తాలి, ఒక అడుగు వెనక్కి వేసి ముక్కు తిన్నగా వచ్చిందో లేదో చూసుకోవాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ రాయిలా గట్టిపడుతుంది. దానికి రోజులు కాదు, వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ దాన్ని తడుపుతూ కనిపెట్టుకుని ఉండాలి. అంత పనికి కాళ్ళ కింద నేల కావాలి. పరంజా ఇచ్చేది అదే.

చార్మినార్ సంగతీ అంతే. 2019 మే 1న ఒక మినారు నుంచి పెద్ద సున్నపు పెచ్చు ఊడి పడింది. పురావస్తు శాఖ వాళ్ళు పరంజా కట్టించే మరమ్మతు చేయించారు. 1591 నాటి కట్టడం, చుట్టూ పొడుచుకొచ్చిన వసారాలు, అడుగడుక్కీ సున్నపు పువ్వులు. అక్కడ తాడు వేలాడదీస్తే కొత్త పెచ్చులు రాలిపోయేవి.

మన అంతర్వేదిలోనే సముద్రం వైపున్న లైట్‌హౌస్ దగ్గరికి వెళ్ళి చూస్తే లెక్క తిరగబడుతుంది. నిటారు గోడ, నగిషీ లేదు. పైనుంచి తాడు వదిలితే తిన్నగా దిగుతుంది. ఎక్కడ పగులుందో, ఎక్కడ లోపలి ఇనుము తుప్పుపట్టి కాంక్రీటు ఉబ్బిందో సుత్తితో తట్టి వినాలంటే ఇద్దరు మనుషులు, నాలుగు తాళ్ళు చాలు. ఆ తట్టుడు కోసం బుర్జు చుట్టూ పరంజా కడితే అది కట్టడానికీ విప్పడానికీ పట్టే రోజులే అసలు పనికన్నా ఎక్కువవుతాయి.

పరంజా కట్టడం తేలికనుకోకు, అందులోనూ మన ఇసుక నేల మీద. పాతరోజుల్లో మనవైపు సరుగుడు కర్రలూ వెదుళ్ళూ కొబ్బరి తాళ్ళతో బిగించేవారు. ఇప్పుడు ఎక్కువగా ఇనప పైపులు. ఒక్కో పైపు బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు. అంటే లోపలి బోలు కలుపుకున్నా అది నేల మీద ఆనే చోటు సుమారు 18 చదరపు సెంటీమీటర్లు, అంతే. దాని మీద టన్ను బరువు పడిందనుకో, చదరపు సెంటీమీటరుకి 55 కిలోలు. మన ఇసుక అంత ఓర్చుకోదు, పైపు దిగబడిపోతుంది. అందుకే పైపు కింద ఒక ఇనప పలక, ఆ పలక కింద వెడల్పాటి చెక్క వేస్తారు. చెక్క 60 సెంటీమీటర్లు పొడవు, 25 వెడల్పు ఉంటే అదే టన్ను 1500 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుని, చదరపు సెంటీమీటరుకి కిలో కూడా పడదు. చూసేవాళ్ళంతా తలెత్తి పైకి చూస్తారు గానీ, పరంజా ప్రాణం ఉండేది ఆ చెక్కలో.

ఇక గాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. సెకనుకి 50 మీటర్ల గాలి, అంటే మన తీరంలో కట్టడాలకి ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే గాలి, చదరపు మీటరుకి 150 కిలోలకు పైగా తోస్తుంది. పరంజాకి దుమ్ము పడకుండా ఆకుపచ్చ వల చుట్టారంటే అది తెరచాపే. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో కోనసీమ కొబ్బరి చెట్లు వేలకి వేలు నేలకూలాయి. వేరు పట్టుకున్న చెట్టుకే ఆ గతి పడితే, గోడకి నాలుగు చోట్లా బిగించని పరంజా ఏమవుతుంది? అందుకే మన దగ్గర అక్టోబరు, నవంబరు నెలల్లో పరంజా నిలబెట్టాలంటే నా మనసొప్పదు. తాళ్ళ పనివాళ్ళకి ఆ బెంగ తక్కువ. గాలి కబురు రాగానే తాళ్ళు చుట్టుకుని దిగిపోతారు.

మరి ఒక మనిషి తాడు మీద మెల్లగా ఎలా జారగలడు? సఖినేటిపల్లి రేవులో పంటు కట్టేటప్పుడు చూశావుగా, అంత పెద్ద పంటుని ఒక్కడు తాడు పట్టుకుని ఆపేస్తాడు. వాడి బలం కాదది, గుంజకి వేసిన చుట్ల బలం. తాడుకీ గుంజకీ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఒక చుట్టుకి పట్టు ఆరు రెట్లు దాటుతుంది. మూడు చుట్లకి 280 రెట్లు దాటిపోతుంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త ఈ లెక్క కట్టాడు. తాళ్ళ పనివాడి నడుము దగ్గరుండే దిగుడు పరికరం లోపల కూడా తాడు మెలికలు తిరుగుతుంది. పిడి నొక్కితే పట్టు సడలి మనిషి జారతాడు, వదిలేస్తే బిగిసి ఆగిపోతాడు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను, విను. మన పట్టణాల్లో అపార్టుమెంట్లకి రంగులేసేవాళ్ళు ఒక పీట చెక్కని తాడుకి కట్టుకుని, దాని మీద కూర్చుని దిగుతుంటారు. ఒకటే తాడు, నడుముకి బెల్టు లేదు. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. దాన్ని తాళ్ళ పద్ధతి అనకూడదు. 1980లలో ఉత్తర సముద్రపు చమురు వేదికల మీద పనికి గుహల్లో దిగేవాళ్ళ విద్యని మలిచి ఈ పద్ధతిని తీర్చిదిద్దినప్పుడు, మొదటి నియమమే రెండు తాళ్ళు. ఒకటి పని తాడు, రెండోది ప్రాణం తాడు. రెండిటినీ వేరువేరు చోట్ల కట్టాలి. మొదటిది తెగితే రెండోదాని మీదున్న పట్టు చటుక్కున బిగుస్తుంది. తాటిచెట్టెక్కే గీత కార్మికులకి తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షా కవచం పేరిట కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలుగా ఒక్క మోకునే నమ్ముకున్నవాళ్ళకి అదనపు రక్షణ దొరకడం చూసి నాకెంత సంతోషమైందో! మన కొబ్బరి దింపు కార్మికులందరికీ అలాంటిది అందాలి.

రెండు తాళ్ళున్నా ఒంటరిగా పంపకూడదు. పడకుండా ఆగినవాడు స్పృహ తప్పి కదలకుండా వేలాడితే, నడకలో రక్తాన్ని పైకి తోసే పిక్కల కండరాలు పని మానేస్తాయి. నెత్తురు కాళ్ళలోనే నిలిచిపోయి, నిమిషాల్లోనే ప్రాణం మీదికొస్తుంది. వాణ్ణి వెంటనే దించే మనిషి పక్కనే ఉండాలి.

తాళ్ళలోనూ తేడాలున్నాయి. మన కొబ్బరి పీచు తాడు ఉప్పునీళ్ళకి బాగా ఓర్చుకుంటుంది గానీ మనిషి ప్రాణం మొయ్యడానికి దాన్ని నమ్మరు. తాళ్ళ పనికి వాడేది నైలాన్ లేదా పాలియెస్టర్, సుమారు 11 మిల్లీమీటర్ల లావు. లోపల బరువు మోసే గుండె, బయట దాన్ని కాపాడే అల్లిక తొడుగు. అంతర్వేది గాలిలోని ఉప్పు తాడులోకి దిగి గింజకడితే, లోపలి పోగుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. అందుకని సముద్రపు గాలిలో పనిచేసి వచ్చాక తాడుని మంచినీళ్ళలో జాడించి, నీడలో ఆరబెట్టి, జానెడు జానెడుగా వేళ్ళతో తడిమి చూస్తారు. ఎక్కడైనా మెత్తగా తగిలినా, తొడుగు చిట్లినా ఇక ఆ తాడు పనికి రాదు. దాన్ని మూలన పడెయ్యరు. మళ్ళీ ఎవరూ దాన్ని నమ్మి ఎక్కకుండా ముక్కలు ముక్కలుగా కోసేస్తారు.