పదేళ్లకే మొదలయ్యే ఆకర్షణ, ఇంట్లో వినిపించే మాట

అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోర్మన్ కుటుంబాల పిల్లలు చిన్నప్పటి నుంచీ వినే మాట ఒకటుంది: కుటుంబం శాశ్వతం. ఆలయంలో జరిగిన స్త్రీపురుషుల పెళ్లి మరణంతో ముగిసిపోదని, తల్లిదండ్రులూ పిల్లలూ పరలోకంలోనూ కలిసే ఉంటారని వారి విశ్వాసం. స్వలింగ ఆకర్షణ కలగడం పాపం కాదు గానీ, దాని ప్రకారం నడుచుకోవడం పాపమని చర్చి బోధిస్తుంది. అలాంటి ఇంట్లో పన్నెండేళ్ల అబ్బాయి తన మనసు తోటి అబ్బాయి మీదికి పోతోందని గుర్తించాడనుకోండి. పెద్దయ్యాక ఎవరితో బతకాలన్న ప్రశ్నతో పాటు, పరలోకంలో అమ్మానాన్నలకు దూరమైపోతానేమోనన్న భయం కూడా వాడిని పట్టుకుంటుంది.

ఆ వయసులో ప్రేమేమిటి, ఎవరో నూరిపోసి ఉంటారు అని పెద్దలు అనుకోవడం మామూలే. కానీ తొలి ఆకర్షణ సగటున పదేళ్ల వయసులోనే గుర్తుకొస్తుందని మార్తా మెక్‌క్లింటాక్, గిల్బర్ట్ హెర్ట్ 1990ల్లోనే ఎత్తిచూపారు. ఆడపిల్లలైనా మగపిల్లలైనా, ఆకర్షణ ఎవరి మీదైనా, వయసు దాదాపు అంతే. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఆరు నుంచి పదేళ్ల మధ్య ఆండ్రోజెన్లను ఎక్కువగా విడుదల చేయడమే దీనికి కారణం కావచ్చని వారి ప్రతిపాదన. గొంతు మారడానికి, నెలసరి మొదలవడానికి ముందే ఇది జరుగుతుంది. ఆ ఆకర్షణలో శారీరక కోరిక ఉండాలనేమీ లేదు. పక్కనే కూర్చోవాలనిపించడం, ఒకరు రాకపోతే రోజంతా వెలితిగా ఉండడం లాంటివే కావచ్చు.

మరి ఈ ఆకర్షణ ఎవరి వైపు అన్నది దేన్నిబట్టి ఉంటుంది? 2019లో సుమారు 4.7 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనం, దీన్ని నిర్ణయించే ఒకే ఒక్క జన్యువు లేదని తేల్చింది. ఎన్నో జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు, వాటితో పాటు ఇతర కారణాలు ఉన్నాయి.

మార్చే ప్రయత్నాలు మాత్రం చాలానే జరిగాయి. చర్చికి చెందిన బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో 1970ల్లో యువకులకు బొమ్మలు చూపిస్తూ విద్యుత్ షాకులిచ్చారు. ప్రసిద్ధ మనోవైద్యుడు రాబర్ట్ స్పిట్జర్ 2003లో, కొందరు మారగలరని రాశారు. ఆధారం 200 మందితో ఫోనులో మాట్లాడడం. వాళ్లు చెప్పింది నిజమో కాదో తేల్చే దారే లేదని ఒప్పుకొని, 2012లో ఆయన క్షమాపణ చెప్పారు. తన లెక్క తప్పిందని అంత బాహాటంగా చెప్పిన శాస్త్రవేత్తలు అరుదు. మన దేశంలో మద్రాసు హైకోర్టు 2021 ఆదేశాల తర్వాత, జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇలాంటి 'చికిత్స'ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

పిల్లల్ని మార్చలేనప్పుడు ఇంట్లో ఏం మార్చవచ్చు? శాన్‌ఫ్రాన్సిస్కోలో కైట్లిన్ ర్యాన్ బృందం వెతికింది దీనికే. 21-25 ఏళ్ల స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్న 224 మందిని, టీనేజీలో ఇంట్లోవాళ్లు ఎలా చూశారని అడిగారు. తీవ్ర తిరస్కారం ఎదుర్కొన్నవారిలో ఆత్మహత్యాయత్నాలు 8.4 రెట్లు, తీవ్ర కుంగుబాటు 5.9 రెట్లు ఎక్కువగా కనిపించాయి. 2009లో వెలువడిన ఈ అధ్యయనం గతాన్ని గుర్తుచేసుకుని చెప్పిన మాటల మీద ఆధారపడింది కాబట్టి, కార్యకారణ సంబంధాన్ని నిరూపించినట్టు కాదు. అయినా అంత పెద్ద తేడాను పక్కన పెట్టడం కష్టం. (మన దగ్గర ఇలాంటి ఒత్తిడిలో ఉన్నవారు టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.)

తిరస్కారమంటే కొట్టడం, గెంటేయడం మాత్రమే అనుకోలేదు ఆ బృందం. స్నేహితుల్ని కలవనివ్వకపోవడం, బంధువుల ఇళ్లకు తీసుకెళ్లకపోవడం, విషయం బయటికి పొక్కనివ్వొద్దనడం, దేవుడు శిక్షిస్తాడనడం కూడా అందులో లెక్కే. వీటిలో చాలావరకు తల్లిదండ్రులు బిడ్డను కాపాడుకుంటున్నామనుకునే చేస్తారు. అందుకే ర్యాన్, మోర్మన్ అయిన రాబర్ట్ రీస్‌తో కలిసి, 2012లో మోర్మన్ తల్లిదండ్రుల కోసమే ఒక చిన్న పుస్తకం తెచ్చారు. అందులో విశ్వాసాన్ని వదులుకోమని అడగలేదు. బిడ్డ చెప్పేది వినండి, మీకు ఇబ్బందిగా ఉన్నా ప్రేమ చూపించండి, ఎగతాళి చేసే బంధువుల్ని ఆపండి అన్నారు. తిరస్కారం కాస్త తగ్గినా ముప్పు తగ్గుతుందన్నది వారి అనుభవం.

2020లో యూటా, మైనర్లకు ఇలాంటి 'చికిత్స' చేయకుండా లైసెన్సున్న చికిత్సకులను నిషేధించింది. తుది నిబంధనను చర్చి వ్యతిరేకించలేదు. బోధన మాత్రం మారలేదు. ఆలయంలో పెళ్లి ఇప్పటికీ స్త్రీపురుషులకే. ఇంట్లో ఆదరణ దొరికిన పిల్లవాడికి కూడా, పద్దెనిమిదేళ్లకు తోటివాళ్లు మత ప్రచారానికి బయల్దేరుతుంటే ఆ పాత ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది.